చప్పుడు పడవ: అధికారిక చరిత్ర

పెద్దపోటుకు 19 రోజులు

ఈ లాగ్ పుస్తకంలో రాసే అధికారం ఈ రోజు నుంచి నాది. అడిగి తెచ్చుకున్నది కాదు. ఇరవై ఆరేళ్ళుగా నేను నడుపుతున్న 'ఎదురుగాలి' కరపత్రాన్ని మూయించడానికి, ఈ వలసను ఏలే రెసిడెంటు గారికి దొరికిన మర్యాదైన మార్గం ఇది. జైల్లో పెడితే నా పేరు పెరుగుతుంది. అందుకని వలస నౌకాదళానికి అధికారిక చరిత్రకారిణిగా వేసి సముద్రం మీదికి తోలేశాడు. దళానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయట, చరిత్ర కావాలట.

దళం అంటే ఒక్క పడవ. ఈ ముక్క రాస్తుంటేనే కెప్టెన్ దూసి మార్కండేయులు గారు నా వెనక నిలబడి గొంతు సవరించుకున్నారు.

"పడవ అనకండి వరహాలమ్మ గారూ. ఫిరంగి నౌక."

"దళం అన్నాక రెండోది ఉండాలి కదండీ. ఎక్కడుంది?"

"మంజూరైంది."

"ఎప్పుడు?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట."

ఎక్కడో ఆకాశం అవతల భూమి మీద ఎవరో బల్ల ముందు కూర్చుని, తామెప్పుడూ చూడని సముద్రానికి ఈ ఫిరంగిని పంపారు. పేరు కూడా అక్కడే పెట్టారు: 'రాజభక్తి'. తెప్పల మీద పుట్టి తెప్పల మీదే పోయే మా జనం ఆ పేరు ఏనాడూ పలకలేదు. ఏటా రెసిడెంటు పుట్టినరోజుకు ఒకసారి ఢామ్మంటుంది కాబట్టి చప్పుడు పడవ అంటారు.

ఇప్పుడు మాకున్న ఆజ్ఞ ఇది: ఉప్పుమెట్టకు వెళ్ళి, పని మానేసిన నాచుకోత వాళ్ళను పనిలోకి దించాలి. దిగకపోతే పేల్చాలి.

వాళ్ళు అడిగిందల్లా ఒక్కటే. ఆకాశంలో పావు వంతు ఆక్రమించే పెద్దగ్రహం పక్కకు మూడేళ్ళకోసారి రెండో చంద్రుడు వచ్చి నిలబడతాడు. ఇద్దరూ కలిసి లాగితే సముద్రం గోడలా లేస్తుంది. అదే పెద్దపోటు. ఉప్పుమెట్ట చుట్టూ ఉన్న రాతి దిబ్బలో రెండు సందులున్నాయి. తూర్పు సందులోంచి వచ్చే నీళ్ళు నాచు కొట్టాలను కొట్టుకుపోతాయి. పడమటి సందులోంచి వచ్చేవి మనుషుల్ని కొట్టుకుపోతాయి. కిందటి పోటులో మా అన్న అలాగే పోయాడు. ఆ సందులు పూడ్చేదాకా కొడవలి పట్టం అన్నారు మూడు వందల నలభై ఇళ్ళవాళ్ళు.

సామగ్రి లేదు అని సర్కారు జవాబు. ఇనుము అసలే లేదట. ఈ వాక్యాన్ని నేను ముప్ఫై బారల ఇనుము మీద కూర్చుని రాస్తున్నాను.

పెద్దపోటుకు 15 రోజులు

ఉదయం రేకులకు పట్టిన ఉప్పు గీకడం, మధ్యాహ్నం బాయిలరులో నాచునూనె పోయడం, సాయంత్రం మళ్ళీ ఉప్పు గీకడం. మొత్తం పద్నాలుగు మందిమి. నేనూ గీకుతున్నాను. చరిత్రకారిణికి మినహాయింపు ఉందని కెప్టెన్ గారన్నారు గానీ, మినహాయింపులకు వ్యతిరేకంగా నేను ఇరవై ఆరేళ్ళు రాశాను, ఇప్పుడు తీసుకుంటే ఏం బావుంటుంది.

పాత లాగ్ పుస్తకాలు నలభై ఏడున్నాయి. మిగతా మూడింటినీ చేపలు తిన్నాయని రాసి ఉంది. నేను నమ్మను. నమోదు మాత్రం చేస్తున్నాను.

యాభై ఏళ్ళలో మూడు యుద్ధాలు. మొదటిది ఆరో ఏట. దొంగల పడవలనుకుని, నిద్రపోతున్న తిమింగలాల మందను లొంగిపొమ్మని రెండు గంటలు హెచ్చరించారు. అవి లేచి వెళ్ళిపోయాయి. 'శత్రువు పలాయనం' అని రాశారు. రెండోది పంతొమ్మిదో ఏట. తిరుగుబాటు జరిగిన రేవుకు చప్పుడు పడవ చేరేసరికి తిరుగుబాటుదార్లు గెలిచి, పంచాయతీకి ఎన్నికలు కూడా పెట్టేసుకున్నారు. మనవాళ్ళు వరుసలో నిలబడి ఓటేసి వచ్చారు. మూడో యుద్ధం చేపలు తిన్న పుస్తకాల్లో ఉందట.

ఈ యుద్ధాల మధ్య పడవ ఏం చేసిందన్నది అంచుల్లో చిన్న అక్షరాలతో ఉంది. మంత్రసానిని దించాం. తెగిపోయిన తెప్పను లాక్కొచ్చాం. మంచినీళ్ళు పంచాం. చేసిన పనంతా అంచుల్లో ఉంది. పేజీ మధ్యలో ఉన్నదంతా బొంకు. ఏ సర్కారు పుస్తకమైనా ఇలాగే చదవాలని నేను ఎప్పటినుంచో వాదిస్తున్నాను.

సాయంత్రం ఫిరంగి దగ్గరకు వెళ్ళాను. పిక్కి తౌడమ్మ చేపనూనెతో గొట్టం తుడుస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఫిరంగి ఆవిడ చేతిలోనే ఉంది.

"గుండు పెట్టి ఎప్పుడు పేల్చావు తౌడమ్మా?"

"ఎప్పుడూ నేదు."

"అదేం?"

"పట్టదమ్మా." ఆవిడ నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళింది. భూమి నుంచి వచ్చిన పన్నెండు గుండ్లూ అక్కడున్నాయి. నాలుగు ఊరగాయ జాడీల మూతల మీద బరువులు. మూడు పొయ్యి రాళ్ళు. మిగతావి కూర్చునే పీటలు. ఒకదాన్ని దొర్లించి చూపించింది. "గొట్టం ఇంత. గుండు అంత. నాలుగు వేళ్ళు ఎక్కువ. ఒట్టి మందు కూరితే చప్పుడొస్తది. అంతే."

యాభై ఏళ్ళు. ఏడుగురు కెప్టెన్లు. ప్రతి ఏడాది చివర 'గుండ్లు సిద్ధం' అని సంతకం.

నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ జాడీ మీద పడ్డాను.

పెద్దపోటుకు 14 రోజులు

నవ్వు తగ్గాక కోపం వచ్చింది. మూడు తరాల జనం ఒట్టి గొట్టానికి భయపడి పన్ను కట్టారు, సలాము కొట్టారు, నోరు మూసుకున్నారు. కరపత్రం రాయడం మొదలెట్టాను. కెప్టెన్ గారు వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఆ సంతకాల్లో నావి పదకొండున్నాయి."

"మరి నిజం ఎందుకు రాయలేదు?"

"మొదటి ఏడాదే రాద్దామనుకున్నాను. ముందాయన ఎందుకు రాయలేదని అడుగుతారు కదా అనిపించింది. ఆయనా అలాగే అనుకుని ఉంటాడు."

నేను జాలిపడలేదు. సామ్రాజ్యాలు క్రూరుల వల్ల నడవవు, మొదటి ఏడాది రాద్దామనుకుని మానేసిన వాళ్ళ వల్ల నడుస్తాయి అని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఒప్పుకుని, ఉప్పు గీకడానికి వెళ్ళిపోయారు. ఒప్పుకునేవాళ్ళతో వాదించడం చాలా కష్టం.

పెద్దపోటుకు 12 రోజులు

ఉప్పుమెట్ట చేరాం. ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే భూమి మీద ఎవరూ నమ్మరు.

కెప్టెన్ గారు పూర్తి యూనిఫారంలో ముందు నిలబడ్డారు. తౌడమ్మ ఫిరంగిని ఊరివైపు తిప్పింది. రాతి దిబ్బ మీద ఆడా మగా కొడవళ్ళు నడుముకు దోపుకుని వరసగా నిలబడి ఉన్నారు. అప్పుడు మా సరంగు సూరాడ దానయ్య ముందుకొచ్చి, ముప్ఫై ఏళ్ళుగా ప్రతి రేవులోనూ చేసినట్టే తాడు చుట్ట విప్పి వాళ్ళ మీదికి విసిరాడు.

"దానయ్యా, ఏం చేశావు?"

"తాడు ఇసిరాను బావూ."

"ఎందుకు?"

"రేవొచ్చింది గదా."

మా సముద్రంలో ఒకరి రేవుకు వెళితే తాడు విసరాలి. ఇంటివాళ్ళు అందుకుని తమ గుంజకు కట్టుకుంటారు. కట్టాక అన్నం పెడతారు. పెట్టాక వాళ్ళే విప్పుతారు. వచ్చినవాళ్ళు విప్పుకోకూడదు, కోయకూడదు. కోసినవాడి తాడును ఇంకే రేవులోనూ ఎవరూ అందుకోరు. ఇది చట్టం కాదు. చట్టాలైతే మేం చాలానే దాటేశాం.

తాడు అందుకున్నది గరికిన బంగారమ్మ. సమ్మెకు పెద్ద. మా అన్న భార్య. అన్న పోయాక నేను పదకొండు కరపత్రాలు రాశాను. వదిన రాళ్ళు మోసింది. నీ కాయితాలు నాచు ఆరబెట్టడానికి కూడా పనికిరావు అని ఆవిడంటే, నీ రాళ్ళు ఏ పోటుకు ఆగుతాయి అని నేనన్నాను. మూడేళ్ళుగా మాటల్లేవు.

వదిన తాడు పట్టుకుని పడవను ఈ కొన నుంచి ఆ కొన దాకా చూసింది.

"ఎన్ని బార్లు బావూ, నీ పడవ?"

"ముప్ఫై ఒకటి," అన్నారు కెప్టెన్ గారు గర్వంగా.

"ఓహో," అని వదిన ఇంకో రెండు ముళ్ళు ఎక్కువ వేసింది. తర్వాత నన్ను చూసింది. "వొచ్చీసినావా వరాలూ. ఫిరంగెక్కి మరీ వొచ్చినావు. దిగు, అంబలి సల్లారిపోతంది."

పెద్దపోటుకు 9 రోజులు

వెళ్ళడానికి లేదు. వదిన ఇంట తిన్నాం, ఆవిడ విప్పబోతుంటే పక్కింటావిడ వచ్చి, మా ఇంట తినకుండా ఎలా పోతారని తన తాడూ కట్టేసింది. అన్నం పెట్టిన ప్రతి ఇంటికీ తాడు కట్టే హక్కుంది. పూటకో ఇల్లు. ఇప్పటికి పది తాళ్ళయ్యాయి. ఊళ్ళో మూడు వందల నలభై ఇళ్ళు. వలస నౌకాదళం మొత్తం భోజనాల పంక్తిలో బందీగా ఉంది.

కెప్టెన్ గారు కత్తి తెప్పించుకుని మొదటి తాడు ముందు గంటసేపు కూర్చున్నారు. ఆయన పుట్టిందీ తెప్ప మీదే. చివరికి ఆ కత్తితో గోళ్ళు తీసుకుని లేచారు. "రొయ్యల పులుసు ఎవరింట్లోనో అన్నారు?" అని అడిగారు.

పెద్దపోటుకు 7 రోజులు

వదినకు గుండ్ల సంగతి చెప్పాను. నా కరపత్రం చదివి వినిపించాను. బాగా వచ్చింది, నాకే ఒళ్ళు జలదరించింది. వదిన నాచు తిరగేస్తూ విన్నది.

"ఇది అచ్చేస్తావా?"

"అన్ని రేవులకూ పంచుతాను."

"పంచితే ఏటవుద్ది?"

"జనానికి భయం పోతుంది."

"పోద్ది. నలపై దినాలకి పట్టే గుండ్లు కూడా వొస్తాయి."

నేను కరపత్రం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నీకు మంటెక్కువ వరాలూ, అది మంచిదే. కాని మంట సందులో పెడితే నీళ్ళాగవు." ఆవిడ నన్ను దిబ్బ మీదికి తీసుకెళ్ళింది. మూడేళ్ళలో ఊరంతా కలిసి మోసిన రాళ్ళు పడమటి సందుకు రెండు వైపులా నీళ్ళలోంచి లేచి ఉన్నాయి. మధ్యలో లోతు ఎక్కువ, ఏ రాయీ నిలవదు. "ఇక్కడ ముప్పై బార్లు మిగిలింది. తూరుపు సందు నలపై ఒకటి, దాని సంగతి తరవాత."

వదిన ఆ ఖాళీని చూసింది. పడవను చూసింది. నన్ను చూసింది. ముప్ఫై బారల ఇనుము మీద కూర్చున్నానని రాసింది నేను. రాసి, బాగుందనుకుని, పేజీ తిప్పేశాను.

పెద్దపోటుకు 5 రోజులు

వైర్‌లెస్‌లో రెసిడెంటు ఆజ్ఞ వచ్చింది. మూడు రోజుల్లో ఊరి మీద అయిదు గుండ్లు పేల్చి నివేదిక పంపాలి. లేకపోతే కెప్టెన్ మీద విచారణ, ఫిరంగి తనిఖీకి ఇంజినీరు. తనిఖీ జరిగితే యాభై ఏళ్ళ సంతకాలు బయటపడతాయి. కెప్టెన్ గారు తిండి మానేశారు. రాత్రికి వంతు వచ్చిన ఇంటావిడకు కోపం వచ్చింది.

పెద్దపోటుకు 4 రోజులు

నిబంధనల పుస్తకం పట్టుకుని కెప్టెన్ గారి గదిలోకి వెళ్ళాను.

"నలభై ఒకటో నిబంధన చదవండి."

"'నౌక శత్రువుల చేతికి చిక్కిన పక్షంలో, వారు దాన్ని నడపలేని చోట ముంచివేయవలెను.' అయితే?"

"చిక్కింది కదా."

"ఎక్కడ చిక్కింది? వాళ్ళు అన్నం పెడుతున్నారు."

"అన్నం పెట్టి కట్టేసినా కట్టేసినట్టే. మీరు వెళ్ళగలరా?"

"వెళ్ళలేను."

"తాళ్ళు కోయగలరా?"

"వరహాలమ్మ గారూ."

"కోయలేరు. పడవ కదలదు, కట్టిన వాళ్ళు సమ్మెలో ఉన్నారు, సమ్మెలో ఉన్నవాళ్ళు శత్రువులని మీ ఆజ్ఞలోనే ఉంది. దీన్ని చిక్కడం అనకపోతే ఏమంటారు?"

ఆయన నిబంధన మీద వేలు పెట్టి మళ్ళీ చదివారు. "నడపలేని చోట అంటే?"

"రెండు రాళ్ళ గుట్టల మధ్య ఇరికిస్తే దేవుడు కూడా నడపలేడు."

ఆయన మొహంలో పదకొండు సంతకాల బరువు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ముంచేసిన నౌకలోని ఫిరంగిని ఏ ఇంజినీరూ తనిఖీ చేయడు. "ముంచే ముందు వందనం పేల్చాలి," అన్నారు గంభీరంగా. "అది యాభై మూడో నిబంధన."

పెద్దపోటుకు 2 రోజులు

తాళ్ళు ఎవరూ విప్పలేదు. ఇంటివాళ్ళే పొడుగు వదులుతూ వచ్చారు. ఆటుకు నీళ్ళు బాగా తగ్గినప్పుడు పడవను పడమటి సందులో అడ్డంగా నిలబెట్టాం. రెండు కొనలూ రాళ్ళ మీద అరబార చొప్పున ఆనాయి. తౌడమ్మ మందంతా ఒకేసారి కూరింది. యాభై ఏళ్ళ చరిత్రలో అంత చప్పుడు ఎప్పుడూ రాలేదు. దిబ్బ మీద కొందరు చెవులు మూసుకున్నారు, చాలామంది చప్పట్లు కొట్టారు.

తర్వాత అడుగు తలుపులు తెరిచాం. 'రాజభక్తి' నిదానంగా కూర్చుంది. పైభాగమూ ఫిరంగీ నీళ్ళ మీదే ఉన్నాయి. పొట్ట నిండా రాళ్ళు పోశాం. జాడీల మీది గుండ్లు కూడా పడ్డాయి. అవి ఆ రాళ్ళ సందుల్లో సరిగ్గా పట్టాయి.

పెద్దపోటుకు 1 రోజు

ఉదయం దానయ్య వచ్చి పడవ కొన జరుగుతోందన్నాడు. చిన్నపోటుకే రెండడుగులు జరిగింది. రేపటి దానికి నిలవదు. ఇరవై తొమ్మిది తాళ్ళున్నాయి. చాలవు. కనీసం మూడు వందలు కావాలి, దిబ్బ బయటి అంచున పాతిన ప్రతి ఇంటి గుంజకూ ఒకటి.

"కట్టేయండి మరి," అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. వదిన కూడా తల అడ్డంగా ఊపింది. "అన్నం పెట్టకుండా తాడెలా కడతాం?"

"రేపు ఊరు కొట్టుకుపోతుంటే ఇప్పుడు మర్యాదలేంటి వదినా?"

"మర్యాద తప్పి కట్టిన తాడు నిలబడదే."

దీనితో వాదించవచ్చు. మామూలుగా అయితే ఆరు పేజీలు వాదిస్తాను. ఈసారి నోరు తెరిచింది మాత్రం తినడానికి.

"అయితే పెట్టండి," అన్నాను. "ఇంటికో ముద్ద. పద్నాలుగు మందిమి ఉన్నాం."

ఆ తర్వాత జరిగినదాన్ని నౌకాదళ చరిత్రలో నాలుగో యుద్ధంగా నమోదు చేస్తున్నాను. మేం దిబ్బ మీద వరసగా కూర్చున్నాం. ఊరంతా గిన్నెలతో వచ్చింది. ఒకరు ముద్ద పెట్టడం, మింగగానే పరిగెత్తి తాడు కట్టడం, వెనక నుంచి ఇంకొకరు.

"నోరు తెరు బావూ, బేగి. నా తాడు తడిసిపోతంది."

"నమలండి కెప్టెన్ గారూ, నమిలితేనే లెక్క."

"ఒలే, ఈయన మింగనేదు. ముడి ఇప్పు, ముడి ఇప్పు."

నూట యాభయ్యో ఇంటి దగ్గర తౌడమ్మ పక్కకు ఒరిగిపోయింది. రెండు వందల పదో ఇంటి దగ్గర దానయ్య చేతులెత్తేశాడు. కెప్టెన్ గారు మాత్రం ఆగలేదు. యూనిఫారం బొత్తాలు ఒక్కొక్కటే ఊడి నీళ్ళలో పడ్డాయి. చివరి నలభై ఇళ్ళూ ఆయనొక్కరే తిన్నారు, కళ్ళనీళ్ళు కారుస్తూ, ప్రతి ముద్దకూ "బాగుందమ్మా" అంటూ. దళానికి పతకాలుంటే ఆయనకు ఇవ్వాలి. ఇది నేను రాస్తున్నానంటే అర్థం చేసుకోండి.

మూడు వందల నలభై తాళ్ళు.

పోటు రోజు

మధ్యాహ్నం రెండో చంద్రుడు పెద్దగ్రహం పక్కన నిలబడ్డాడు. పడమర సముద్రం లేచింది. అందరం దిబ్బ మీది ఎత్తు రాళ్ళ మీదికి ఎక్కాం. వదిన నా చెయ్యి పట్టుకుంది. కిందటిసారి ఆ చెయ్యి అన్న చేతిలోంచి జారిపోయింది.

నీళ్ళ గోడ వచ్చి పడవకు కొట్టుకుంది. ఇనుము మూలిగింది. పడవ మొత్తం ఒక మనిషి మోచేతి అంత లోపలికి జరిగింది. మూడు వందల నలభై తాళ్ళూ ఒక్కసారిగా బిగిసి, కట్టెల్లా నిటారుగా నిలబడి, నీళ్ళు చిమ్మాయి. కొన్ని తెగాయి. మిగతావి తెగలేదు. పడవ ఆగింది.

పైనుంచి నురుగు దూకి వదిన వాకిట్లో నాచును తడిపింది. తూర్పు కొట్టాలు ఎప్పట్లాగే పోయాయి. మనుషులు ఒక్కరు కూడా పోలేదు. రెండుసార్లు తలలు లెక్కపెట్టాం.

వదిన చెయ్యి వదల్లేదు. "మీ అన్న ఉంటే ఈ పడవలోనూ ఏదో వొంక పెట్టీవాడు," అంది.

"నేను పెడతానుగా," అన్నాను. "తుప్పు ఎక్కువ."

పోటు తర్వాత 44వ రోజు

సమ్మె ముగిసింది, గట్టు కావాలన్నారు, పడమట గట్టు ఉంది, తూర్పుది వచ్చే పోటులోగా చూద్దామన్నారు. తడిసిన నాచును ఫిరంగి గొట్టం మీద ఆరేస్తున్నారు, తౌడమ్మ రోజూ తిడుతోంది. నా చరిత్ర పూర్తయింది. గుండ్ల సంగతి ఇప్పుడు రాయవచ్చు, కొత్త గుండ్లు పట్టించడానికి వాళ్ళకిక ఈ గొట్టమే లేదు. 'ఎదురుగాలి' వచ్చే వారం మళ్ళీ వస్తుంది. మొదటి సంచిక ఈ లాగ్ పుస్తకమే.

ఈ ఉదయం భూమి నుంచి కెప్టెన్ గారికి జవాబు వచ్చింది. ఆయన నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. కొత్త బొత్తాలు నత్తగుల్లలతో చేయించుకున్నారు. శత్రువు చేతికి చిక్కనివ్వకుండా నౌకను ముంచిన ధైర్యానికి అభినందనలు. వలస రక్షణ లేకుండా ఉండటం తగదు గనుక, ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట మంజూరైన రెండో ఫిరంగి నౌకను వెంటనే పంపుతున్నారు. స్థానిక అవసరాలను బట్టి దాని పొడవు ఎంత ఉండాలో కెప్టెన్ సిఫారసు చేయవలెను.

వదిన రాళ్ళ మీద కూర్చుని కొడవలి నూరుకుంటోంది. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆవిడ లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పు సందువైపు చూసింది.

"నలపై రెండు బార్లని రాయి," అంది. "అటో అర, ఇటో అర. రాళ్ళ మీద ఆనాల గదా."